సర్వరు కూలింది ఏ ప్రశ్నకు?

"సర్వరు డౌనయ్యింది, రేపు రాండి" అనే మాట కర్నూలు, కడప జిల్లాల రైతాంగానికి కొత్త కాదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు భూమి పనిమీద పోయినవారు బస్సుచార్జీ పెట్టుకొని, ఒకనాటి కూలి పోగొట్టుకొని, వెంట తెచ్చిన సాక్షులకు భోజనం పెట్టించి, వట్టి చేతులతో ఊరు చేరుకోవడం పరిపాటి అయింది. అయితే ఈ ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులు దాగి ఉన్నాయన్న సంగతి ప్రజలకు ఎవరూ చెప్పడం లేదు. జబ్బు పేరు తెలియకుండా మందు అడగడం ఎట్లా?

మొదటిది రద్దీ. 2023 మే చివరలో, జూన్ 1 నుంచి భూముల మార్కెట్ విలువలు పెరుగుతాయనగా, జనం ఒక్కసారిగా ఎగబడడంతో రాష్ట్రమంతటా సర్వరు మొరాయించి రిజిస్ట్రేషన్లు నిలిచిపోయాయి. సంత రోజున ఇరుకు దారిలో బండ్లు చిక్కుకున్నట్లన్న మాట. దారి వెడల్పు చేస్తే, అనగా యంత్రాల శక్తి పెంచితే, ఇది చాలావరకు కుదుటపడుతుంది.

రెండవది అంత సులువుగా దొరికేది కాదు. సాఫ్ట్‌వేరు మార్చిన తర్వాత నూటికి తొంభైతొమ్మిది ప్రశ్నలకు చక్కగా జవాబిచ్చే సర్వరు, ఏదో ఒక రకం ప్రశ్న అడగగానే కుప్పకూలుతుంది. తిరిగి లేపి అదే ప్రశ్న అడిగితే తిరిగి కూలుతుంది. దీనికి ఎంత పెద్ద యంత్రం కొన్నా ప్రయోజనం సున్న.

కారణం గ్రహించడం కష్టమేమీ కాదు. కంప్యూటర్లు రాకముందు ఇ.సి. కావాలంటే గుమాస్తా సూచికల పుస్తకాలు తిరగేసేవాడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పేర్లకు ఒక సూచిక, ఆస్తులకు మరొక సూచిక ఉంటాయి. ఏ సూచిక ముందు తీయాలో అనుభవం ఉన్న గుమాస్తాకు తెలుసు. డేటాబేసు సర్వరు చేసేదీ అదే పని. ప్రశ్న అందగానే ఏ సూచిక పట్టుకోవాలి, ఏ దస్త్రం ముందు చదవాలి అన్నది తానే నిర్ణయించుకుంటుంది. సాఫ్ట్‌వేరు మారినప్పుడు ఈ నిర్ణయించే పద్ధతి కూడా మారవచ్చు. అనేక ప్రశ్నలకు కొత్త దారి దగ్గరి దారే అవుతుంది. కాని, కొన్నింటికి మాత్రం లక్షల పద్దులను ఒకేసారి తలకెత్తుకొనే దారి అయి జ్ఞాపకశక్తి చాలక కూలవచ్చు. లేదా కొత్త సాఫ్ట్‌వేరులో ఎవరూ గమనించని లోపం ఆ దారిలోనే పొంచి ఉండవచ్చు.

ఒకరి ప్రశ్నకు కూలితే తక్కినవారికేమి నష్టం అని అనుకోరాదు. 1998 నవంబరు 4న రాష్ట్రంలోని 214 ఆఫీసుల్లో 'కార్డ్' విధానం ప్రారంభమైన కాలంలో ప్రతి ఆఫీసుకు తన సర్వరు ఉండేది. చెడితే ఆ ఊరి పనే ఆగేది. తర్వాత అంతా కేంద్ర సర్వరుకు మారింది. 2023లో కార్డ్ 2.0 పేరిట సాఫ్ట్‌వేరు కూడా మారింది. కొన్ని రకాల డేటాబేసు సర్వర్లలో ఒక్క పని అర్ధాంతరంగా చచ్చిపోతే, లెక్కలు చెడిపోకుండా కాపాడడానికి మిగతా పనులన్నింటినీ తెంచివేసి మళ్లీ మొదలుపెట్టడం రివాజు. అటువంటి ఏర్పాటులో పత్తికొండ నుంచి అడిగిన ఒక ప్రశ్న ప్రొద్దుటూరులో వేలిముద్ర వేయబోతున్న ముసలమ్మ పనిని కూడా ఆపగలదు.

నష్టం ఒక రోజుతో పోదు. దస్తావేజు రాసుకున్న నాలుగు నెలల లోపల రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలని చట్టంలోని 23వ సెక్షను చెబుతోంది. దాటితే మరో నాలుగు నెలల వరకు, రిజిస్ట్రేషన్ రుసుముకు పది రెట్లకు మించని జరిమానాతో, జిల్లా రిజిస్ట్రారు దయతలచవలసి ఉంటుంది. బ్యాంకులో రెండు లక్షలు దాటిన పంట అప్పుకు పొలం తనఖా పెట్టవలసిన రైతుకు ఇ.సి. అందకపోతే, తొలకరికి విత్తనం బుడ్డలు కొనే డబ్బు వడ్డీ వ్యాపారి దగ్గర తేవాల్సిందే. మబ్బు సర్వరు కోసం ఆగదు గదా!

ఇంతకంటే భయపడవలసిన సంగతి మరొకటి ఉంది. 2018లో లినక్సు యంత్రాల్లో అక్షరాల వరస నిర్ణయించే భాగం ఒకటి మారినప్పుడు, పాత వరసలో కట్టిన సూచికలు కొత్త వరసకు పొసగక, ఉన్న పద్దు లేనట్లు చూపే ప్రమాదం ఏర్పడింది. సూచికలను తిరిగి కట్టడమే దానికి విరుగుడు. కూలిన సర్వరు ఒక పూట పని చెడగొడుతుంది. తనఖాలో ఉన్న భూమికి 'భారం లేదు' అని కాగితమిచ్చే సర్వరు కొన్నవాని కొంప ముంచుతుంది.

కాబట్టి ఇకముందు సాఫ్ట్‌వేరు మార్చేటప్పుడు అసలు రికార్డుల నకలు మీద ముందుగా పరీక్ష జరగాలి. అదీ రాజధానిలో కూర్చొని ఊహించిన పది సులువైన ప్రశ్నలతో కాదు. ఈ జిల్లాల నుంచి నిజంగా వచ్చే చిక్కు ప్రశ్నలతో జరగాలి. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ల సర్వే నంబర్లు, డి.కె.టి. పట్టాలు, ఇనాం భూములు, అన్నదమ్ముల పంపకాలతో ముక్కలు ముక్కలైన సబ్‌డివిజన్లు, 2022 ఏప్రిల్ 4న జిల్లా మారిన గ్రామాలు, 1983 నుంచి నేటివరకు ఒకేసారి అడిగే ఇ.సి.లు - వీటన్నింటికీ పాత సాఫ్ట్‌వేరు, కొత్త సాఫ్ట్‌వేరు ఒకే జవాబు చెబుతున్నాయా అని పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా వస్తే పాతదానికి మళ్లే దారి మూసివేయకూడదు. బ్రిటనులో టి.ఎస్.బి. బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తగిన పరీక్ష లేకుండా కంప్యూటరు వ్యవస్థ మార్చి 19 లక్షల మంది ఖాతాదారులను ఇబ్బందుల పాలుచేసినందుకు, 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. అక్కడ ఖాతాదారు సహనాన్ని సర్కారు అలుసుగా తీసుకోలేదు.

కింది స్థాయిలో చేయగల పని కూడా ఉంది. కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగిని నిందించి లాభం లేదు. అతని చేతిలో లేనిది అతడు బాగుచేయలేడు. కాని ఏ గ్రామం, ఏ సర్వే నంబరు, ఏ సంవత్సరాల మధ్య వెతికినప్పుడు, ఎన్ని గంటలకు తెర ఆగిపోయిందో అతడు ఒక పుస్తకంలో రాయగలడు. బాగుచేసే ఇంజనీరుకు అసలు కావలసినది ఆ నాలుగు ముక్కలే. 'పనిచేయలేదు' అని పైకి రాస్తే 'ఇక్కడ పనిచేస్తోంది' అని జవాబు వస్తుంది. వచ్చిన రైతుకు కూడా ఆ వివరాలతో, ముద్ర వేసి, ఒక చీటీ ఇవ్వాలి. నాలుగు నెలల గడువు దాటినవారు ఆ చీటీ చూపిస్తే, అది తప్పించుకోలేని అవాంతరమని జిల్లా రిజిస్ట్రారు అంగీకరించి జరిమానా మినహాయించేట్లు ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. పంట అప్పుల కాలమైన మే, జూన్ నెలల్లో మాత్రం సాఫ్ట్‌వేరు జోలికి పోకూడదు.