ట్రేలో ఆగిన రక్తం

తెల్లవారుజామున వార్డులో తీసిన రక్తం ల్యాబుకు చేరేసరికి బాగా పొద్దెక్కుతుంది. అక్కడ ట్రే నిండేదాకా మళ్లీ ఆగాలి. సెంట్రిఫ్యూజ్ తిరిగేది పది నిమిషాలే. మామూలు ట్యూబులో ఆగిన రక్తంలో కణాలు మాత్రం ఊరుకోవు, చక్కెరను తింటూనే ఉంటాయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం. రోగికి ఉన్నదానికన్నా తక్కువ షుగర్ రిపోర్టుకెక్కుతుంది. మిషన్ బాగానే ఉంది, టెక్నీషియన్ శ్రద్ధగానే చేశాడు. ఆలస్యమే అంకెను మార్చేసింది.

ఇలాంటి ఎదురుచూపును ఫ్యాక్టరీ పనిలోని వ్యర్థాల జాబితాలో చేర్చినవాడు టయోటా ఇంజనీరు తాయిచీ ఓనో. ఆయన లెక్కలో వ్యర్థాలు ఏడు. కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ నుంచి నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఫోర్డ్ 1915లో డెట్రాయిట్‌లో పెట్టిన ఆసుపత్రే తర్వాత వ్యర్థాలను తగ్గించే ఈ టయోటా పద్ధతిని, అంటే లీన్‌ను, తన ల్యాబుల్లోకి తెచ్చుకుంది. అక్కడ డాక్టర్ రిచర్డ్ జార్బో పట్టుబట్టినవాటిలో ఒకటి: పేరు తప్పిన ట్యూబు, సగమే నింపిన ఫారం, ఏ లోపమైనా బెంచీ దగ్గర పనిచేసేవాళ్లే రాసిపెట్టాలి, ఎవరినీ నిందించకూడదు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. తిట్లు తప్పవనుకున్నచోట లోపం కాగితమ్మీదికి రాదు.

కొత్త ఎనలైజర్ కొనేముందు ఒక్క ట్యూబు వెంట మంచం నుంచి రిపోర్టు దాకా నడిచి చూడమని ఈ సంచిక అడుగుతోంది. మీ దగ్గర ట్యూబుకు లేబుల్ అంటించేది మంచం పక్కనా, కౌంటర్ దగ్గరా? మాకు రాయండి.