ఫైళ్లను కదలనివ్వండి, తాళాన్ని కదపకండి

కొత్త చోట డేటాబేస్ సర్వర్ చేతికొచ్చినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: సెట్టింగుల ఫైళ్లు ఎక్కడున్నాయి? చాలాచోట్ల ‘డేటాలోనే ఉన్నాయి మేడమ్’ అంటారు. నా పేచీ అక్కడే మొదలవుతుంది.

విజయవాడలో ఉంటూ కొన్ని కాలేజీల ఫీజుల లెక్కలు, ఆస్పత్రుల బిల్లింగు సర్వర్లు చూసుకోవడం నా పని. ఎక్కువ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీదే నడుస్తాయి. సర్వర్ ఎంత మెమరీ వాడుకోవాలి, ఒకేసారి ఎంతమందిని రానివ్వాలి, ఏ కంప్యూటర్ నుంచి ఎవరు లోపలికి రావచ్చు, ఇవన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసి ఉంటాయి. ఒకప్పుడు ఈ ఫైళ్లు డేటా ఉన్న డైరెక్టరీలోనే ఉండి తీరాల్సి వచ్చేది. 2005 జనవరిలో వచ్చిన 8.0 వెర్షన్ ఆ ముడి విప్పింది. డేటా ఒకచోట, సెట్టింగులు ఇంకోచోట, ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితా మరోచోట పెట్టుకోవచ్చు. ఏది ఎక్కడుందో ఒక్క ఫైలులో చెబితే చాలు. ఉబుంటులో సెట్టింగులు ఈటీసీ అనే డైరెక్టరీ కిందికి చేరాయి. రెడ్‌హ్యాట్ తరహా ప్యాకేజీల్లో ఇప్పటికీ డేటా పక్కనే ఉంటాయి.

ఎక్కడుంటే ఏం పోయింది అంటారా? ఒక ఆస్పత్రిలో జరిగింది చెబుతాను. కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పరీక్షించడానికి వాళ్ల కుర్రాళ్లు అసలు సర్వర్‌ను ఆపి, డేటా డైరెక్టరీని మొత్తంగా టెస్ట్ మెషీన్‌లోకి కాపీ చేశారు. సెట్టింగులూ దాంతోపాటే వెళ్లాయి. పెద్ద సర్వర్‌కు రాసిన మెమరీ లెక్క ఆ చిన్న మెషీన్‌కు సరిపోక సర్వర్ లేవలేదు. లేవకపోవడమే నయం. ఆ అంకె తగ్గించి లేపారు. ‘మార్పుల లాగ్‌లను ఫలానా షేర్డ్ ఫోల్డర్‌కు పంపు’ అన్న లైను మాత్రం అలాగే ఉండిపోయింది. రెండు సర్వర్లూ ఒకే పేర్లతో లాగ్ ఫైళ్లు పంపుతుంటే, అసలు బ్యాకప్ మీద టెస్ట్ చెత్త వచ్చి పడింది. అదృష్టం బాగుండి ఆ వారం రీస్టోర్ చేయాల్సిన అవసరం రాలేదు. ఏ మెషీన్ సెట్టింగులు ఆ మెషీన్‌లోనే విడిగా ఉంటే, డేటా ఎక్కడికి కాపీ అయినా ఈ గొడవే ఉండేది కాదు.

ఆడిట్ సంగతీ ఉంది. డేటా డైరెక్టరీని సర్వర్ యజమాని ఖాతా తప్ప మామూలుగా ఇంకెవరూ తెరవలేరు, తెరవకూడదు కూడా. సెట్టింగులు అందులోనే ఉంటే ‘ఎవరెవరికి ప్రవేశం ఇచ్చారో చూపించండి’ అని ఆడిటర్ అడిగినప్పుడు ఏం చేస్తాం? రోగుల రికార్డులున్న గది తలుపే తెరవాలి. ఎంత విడ్డూరం!

ఒకేచోట ఉంటే ఒక్క బ్యాకప్‌తో అన్నీ వస్తాయి కదా అని వాదించేవాళ్లున్నారు. నిజమే, విడదీస్తే ఈటీసీని కూడా బ్యాకప్ తీసుకోవాలని గుర్తుండాలి. అయినా ఆ ఫైళ్లు గిట్‌లో పెట్టుకోవలసినవే. 2013 నుంచి పోస్ట్‌గ్రెస్‌లో సెట్టింగుల కోసం ఒక ఫోల్డర్‌లోని చిన్న చిన్న ఫైళ్లన్నిటినీ కలుపుకునే వీలుంది. ప్రవేశ జాబితాకు ఆ సౌకర్యం రావడానికి మాత్రం 2023 దాకా ఆగాల్సి వచ్చింది. పదేళ్లు!

సెట్టింగులను విడిగా ఉంచుకునే ఈ స్వేచ్ఛకు తూట్లు పొడిచింది కూడా పోస్ట్‌గ్రెస్సే. 9.4 నుంచి ‘ఆల్టర్ సిస్టమ్’ అనే ఆదేశంతో లోపల కూర్చునే సెట్టింగు మార్చవచ్చు. అది వెళ్లి డేటా డైరెక్టరీలోని ఇంకో ఫైలులో పడుతుంది, ఈటీసీలో మనం రాసినదాన్ని కాదని అదే చెల్లుతుంది. ఈటీసీలో మార్చి, రీలోడ్ చేసి, ఏమీ మారలేదని జుట్టు పీక్కునేవాళ్లను ఎంతమందినో చూశాను. డేటాను కాపీ చేస్తే ఈ ఫైలూ వెంట వెళుతుంది, ఆస్పత్రి కథ మళ్లీ మొదలు. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లో ఆ ఆదేశాన్ని ఆపేసే సెట్టింగు ఉంది. ఒకరికి మించి పనిచేసే చోట ఆపేయడమే మంచిదంటాను.

అయితే ఒక్క ఫైలు విషయంలో నేను పరమ చాదస్తురాలిని. సర్వర్ లేచినప్పుడు తన ప్రాసెస్ నంబరు రాసిపెట్టుకునే ‘పోస్ట్‌మాస్టర్ డాట్ పిడ్’. ఆ డేటా మీద ఇప్పటికే ఒక సర్వర్ కూర్చుందని రెండోదాన్ని ఆపే తాళం అది. ఒకే డేటాను రెండు సర్వర్లు రాస్తే మిగిలేది బూడిదే. అందుకే దీన్ని డేటా దగ్గర్నుంచి కదిపే వీలు పెట్టలేదు. నిఘా సాఫ్ట్‌వేర్ల కోసం నంబరు వేరేచోట కావాలంటే అదనంగా ఒక నకలు రాయించుకోవచ్చు. తాళం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సౌకర్యం ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లు తీసుకున్న నిర్ణయం అది.

కరెంటు పోయి వచ్చిన రాత్రి ఫోన్ వస్తుంది: ‘మేడమ్, సర్వర్ లేవట్లేదు, లాక్ ఫైలు డిలీట్ చేసేయమంటారా?’

‘ముట్టుకోకు బాబూ. ముందు లాగ్ చదువు, పాత ప్రాసెస్ ఏదైనా బతికుందేమో చూడు.’

పాత నంబరు నిజంగా చచ్చిందో లేదో సర్వర్ తనే చూసుకుంటుంది. చచ్చినదైతే ఆ ఫైలును తనే పక్కన పెట్టి లేస్తుంది. లేవలేదంటే కారణం వేరే ఉందన్నమాట. సర్వర్ నడుస్తుండగా ఎవరైనా ఆ ఫైలు చెరిపేస్తే ఇటీవలి వెర్షన్లు కాసేపట్లో గమనించి తామే ఆగిపోతాయి. కాలేజీ వాళ్లకు అది విసుగు, నాకు ఊరట.

సాఫ్ట్‌వేర్ కొనే సంస్థలు టెండర్ కాగితంలో రెండు లైన్లు చేర్చాలని కోరుతున్నాను. సెట్టింగులు డేటాకు బయట ఉండాలి. అమలులో ఉన్న ప్రతి విలువా ఏ ఫైలులో ఏ లైను నుంచి వచ్చిందో సరఫరాదారు చూపించాలి. రెండోదానికి కొత్తగా రాయాల్సిందేమీ లేదు, ‘పీజీ సెట్టింగ్స్’ అనే వ్యూను అడిగితే ఫైలు పేరు, లైను నంబరు రెండూ వచ్చేస్తాయి.