గండికోట అంటే లోయ ఒక్కటే కాదు

సంపాదకులకు,

గత సంచికలో గండికోట యాత్రా వ్యాసం చదివాను. పెన్నా లోయ గురించి చక్కగా రాశారు. జామియా మసీదును మాత్రం ‘శిథిల కట్టడం’ అని ఒక్క మాటతో సరిపెట్టడం మా జమ్మలమడుగు వాళ్ల మనసు కష్టపెట్టింది.

శిథిలమని ఎలా అంటారు? మినార్లు రెండూ నిలబడే ఉన్నాయి. ఆవరణ చుట్టూ కమాన్ల వరస ఉంది. బయట బండలు కాలే ఎండలోనూ ఆ కమాన్ల కింద కూర్చుంటే ఒళ్లు చల్లబడుతుంది. పక్కనే ధాన్యాగారం, ఎదురుగా కత్తుల కోనేరు, నాలుగడుగులు వేస్తే మాధవరాయ స్వామి గుడి. ఇవన్నీ కలిపి చూస్తేనే ఆ కోటలో మనుషులు ఎలా బతికారో తెలుస్తుంది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను దాని పాలకుడు పెమ్మసాని చినతిమ్మానాయుడి నుంచి గెలుచుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడిదాకా వచ్చాడు. మనవాళ్లేమో లోయ అంచున ఫొటో దిగి వెనుదిరుగుతున్నారు!

కర్నూలు వైపు వెళ్లేవారు ఆదోని జామియా మసీదు కూడా చూడండి. బిజాపూరు తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించాడు. అక్కడ నేటికీ నమాజు జరుగుతుంది కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం వద్దు. తక్కిన వేళల్లో అక్కడి పెద్దలను అడిగి, చెప్పులు విడిచి వెళ్లండి.

ఈసారి గండికోట గురించి వేసేటప్పుడు మసీదు ఫొటో ఒక్కటైనా వేయమని మనవి.

– ఒక పాఠకుడు, జమ్మలమడుగు