విషయసూచిక చిన్న పని కాదు

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మన వార్షిక సంచిక పని మళ్లీ మొదలైంది. ఎవరి ఫొటో ఎక్కడ వేయాలి, ఎవరి ప్రకటన వెనక అట్ట మీద రావాలి అని గ్రూపులో మాటలు నడుస్తున్నాయి. విషయసూచిక గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నాకు అదే ముఖ్యం.

పోయినసారి సంచిక చేతికొచ్చిన రోజు మా ఒడుగత్తూరులో ఒక పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె పాడిన నాట్ల పాటల్ని మనవరాలు రాసి పంపితే మనం వేశాం. "నా పాటలు ఏ పక్కంలో ఉండాయి నాయనా?" అని అడిగింది. ఇంట్లో ఆమె మాట్లాడేది తెలుగే, చదవను వచ్చేది తమిళమే. సూచిక చూసి 34 అన్నాను. తిప్పితే అక్కడ నగల అంగడి ప్రకటన ఉంది. పాటలు 36లో ఉన్నాయి. చివర్లో రెండు పేజీల ప్రకటనలు ముందు చేర్చారు. సూచికలో అంకెలు చేత్తో కొట్టినవి, అవి అట్లే ఉండిపోయాయి. ప్రూఫు చూసింది నేనే, తప్పులో నాకూ పాలుంది.

రైల్వేలో గుమాస్తా పని చేసినవాణ్ణి. 'ట్రైన్స్ ఎట్ ఎ గ్లాన్స్' పుస్తకంలో స్టేషన్ల సూచిక ఉంటుంది. కాట్పాడి అని వెతికితే ఎదురుగా టేబుల్ నంబర్లు దొరుకుతాయి. ఆ నంబరు తప్పైతే ప్రయాణికుడు ఆ ఊరికి రైలే లేదనుకుంటాడు. సంచికలోనూ అంతే.

ఇది సరి చేయడం కష్టం కాదు. ప్రతి రచన శీర్షికకూ ఒకే పేరాగ్రాఫ్ స్టైల్ పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో లేఅవుట్ మెనూకు వెళ్లి టేబుల్ ఆఫ్ కంటెంట్స్ అంటే, ఆ స్టైల్ ఉన్న శీర్షికలన్నిటినీ పేజీ అంకెలతో సహా అదే ఏరి తెస్తుంది. పేజీలు కదిలితే దానంతట అది మారదు, అప్‌డేట్ నొక్కాలి. ప్రకటనలన్నీ చేరినాక, ప్రెస్సుకు పంపే ముందు కడసారి నొక్కాలి. పాత పేజ్‌మేకర్‌లో కూడా ఈ వసతి ఉండేది, మనమే వాడుకోలేదు.

రెండు మూడు జాగ్రత్తలు. శీర్షికను రెండు వరుసలు చేయడానికి ఎంటర్ కొడితే సూచికలో రెండు శీర్షికలుగా వస్తుంది. పేరుకూ అంకెకూ నడుమ చుక్కలు ఒక్కొక్కటిగా కొట్టకుండా, కుడివైపు ట్యాబ్ పెట్టి లీడర్‌లో చుక్క ఇస్తే అంకెలు వరుసగా నిలుస్తాయి. సూచిక స్టైల్‌కు కూడా తెలుగు ఫాంటే ఇవ్వాలి, లేకపోతే అక్షరాల చోట డబ్బాలు వస్తాయి. వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఇక అసలు మాట. ప్రతి శీర్షిక కింద చిన్నగా తమిళ అక్షరాల్లో అదే పేరు వేయాలి. తర్జుమా వద్దు, తెలుగు మాటే తమిళ లిపిలో. దానికి వేరే స్టైల్ ఇచ్చి, పేజీ అంకె వద్దని ఎంచుకుంటే సూచికలోనూ జతగా వస్తుంది.

"తెలుగు సంచికలో తమిళ అక్షరాలేంటి?" అని కొందరికి కోపం వస్తుంది. వాళ్ల బాధ నాకు తెలుసు. 2006 చట్టం వచ్చినాక బడుల్లో మన పిల్లలకు తెలుగు ఇంకా దూరమైంది. కానీ నేను అంతకు ఎన్నో ఏళ్ల ముందే తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు రిటైరైనాక కూడబలుక్కుని నేర్చుకున్నా. మా అమ్మ నేర్పిన మాట నా నోట్లో ఉండబట్టే అక్షరం పట్టుబడింది. లిపి రానంత మాత్రాన వాళ్లు తెలుగువాళ్లు కాకుండా పోరు.

తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం, తప్పు చదువుతారు అనేవాళ్లూ ఉన్నారు. గుడియాత్తం గంగమ్మ శిరసు తిరునాళ్ల గురించి వ్యాసం వేస్తే, ఆ పేరును మనవాళ్లు ఎవరైనా 'కంకమ్మ' అని చదువుతారా? మాట తెలిసినవాడికి అక్షరం ఆనవాలు చాలు. పైన తెలుగు, కింద తమిళం పక్కపక్కనే చూస్తే నాలుగు తెలుగు అక్షరాలు కూడా పట్టుబడతాయి. సూచిక పేజీయే మన పిల్లలకు పలక అవుతుంది.

ఖర్చు అదనంగా మహా అయితే ఒక పేజీ. తమిళ వరుసలు కొట్టే పని, చివరి అప్‌డేట్ అయినాక ప్రతి అంకెనూ పేజీ తిప్పి సరిచూసే పని నేనే చేస్తాను. వచ్చే సమావేశంలో దీన్ని తీర్మానంలో పెట్టండి. ఈసారి ఆ పెద్దమ్మ తన పేరును తానే వెతుక్కోవాలి.