కడుపుతో ఉన్నవాళ్లకు షుగర్ టెస్ట్ మన హక్కు



"షుగర్ పట్నపోళ్ల జబ్బు, కష్టం చేసేటోళ్లకు రాదు." మన గూడేల్లో ఈ మాట మీరూ వినే ఉంటారు. మా వదినకు ఏడో నెలలో షుగర్ ఉందన్నప్పుడు మేమూ నమ్మలేదు.

ఇది తీపి తింటేనే వచ్చే జబ్బు కాదు. కడుపులో మాయ వదిలే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనిని తగ్గిస్తాయి. చాలామంది ఒళ్లు ఇంకాస్త ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. సర్దుకోలేకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. దాంతో బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది. ఒళ్లు పెరిగి కాన్పు కష్టం కావచ్చు. బొడ్డు కోయగానే తల్లి నుంచి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువే ఉంటుంది. కొన్ని గంటల్లోనే చక్కెర పడిపోయి బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లోనే కాన్పయితే దాన్ని కనిపెట్టేదెవరు?

చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది. ప్రభుత్వ నిబంధన ప్రకారం 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, 2 గంటల తర్వాత రక్తం చూడాలి. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే. పరగడుపున రానక్కర్లేదు. మొదటిసారి వెళ్లినప్పుడే చేయాలి, బాగుంటే 24–28 వారాల మధ్య మళ్లీ చేయాలి.

మరి జరుగుతున్నదేంటి? "గ్లూకోజ్ లేదు, మళ్లీ రా" అంటారు. కొండ దిగి వచ్చిన మనిషి మళ్లీ ఎట్లా వస్తది? రెండు గంటలు కూర్చుంటే తిరుగు ఆటో దొరకదు. షుగర్ బయటపడితే "అన్నం తగ్గించు" అని పంపేస్తారు. సామలు, కందులు పండిన ఇళ్లలో ఇప్పుడు మూడు పూటలా రేషన్ బియ్యమే. తగ్గించి ఏం తినాలి? అంగన్‌వాడీ గుడ్డు, పప్పు సక్రమంగా అందాలని అడగాల్సింది అందుకే. తిండి, నడకతో చాలామందికి అదుపులోకి వస్తుంది. రాకపోతే మందు, ఇన్సులిన్ ఇవ్వాల్సిందే.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. బండి ఉన్న తమ్ముళ్లూ, ఆ రోజు మీ గూడెం అక్కల్ని తీసుకెళ్లండి. రెండు గంటలు తోడుండండి. టెస్ట్ చేయకపోతే ఎందుకు చేయలేదో రాతపూర్వకంగా అడగండి. కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ టెస్ట్ చేయించండి, ఎందుకంటే ఒకసారి వచ్చినవాళ్లకు తర్వాత షుగర్ నిలిచిపోయే ముప్పు ఎక్కువ.

మీ గూడెంలో ఇప్పుడు కడుపుతో ఎంతమంది ఉన్నారు? వాళ్లలో ఎంతమందికి ఈ టెస్ట్ అయింది? ఈ వారమే ఆశా అక్కను అడిగి లెక్క రాయండి.