ఒకే స్థానం, ఇద్దరు కిక్కర్లు: నొప్పి సంగతి ఎవరు చెబుతారు?

2019 జనవరి 6వ తేదీ రాత్రి నేను షికాగో శివారులో మా అబ్బాయి ఇంట ఉన్నాను. అమెరికన్ ఫుట్‌బాల్ నాకు అర్థమయ్యే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు ఒకరి మీద ఒకరు పడటం, లేవటం తప్ప అందులో నాకేమీ కనబడేది కాదు. ఆ రాత్రి మాత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. షికాగో బేర్స్ జట్టు 15 - 16తో వెనుకబడి ఉంది. ఆట ముగియటానికి పది సెకన్లు మిగిలి ఉండగా కోడీ పార్కీ అనే కిక్కర్ 43 గజాల దూరం నుంచి బంతిని తన్నాలి. అది రెండు స్తంభాల మధ్య నుంచి వెళితే మూడు పాయింట్లు, గెలుపు. ఒకసారి తన్నాడు, బంతి సరిగ్గా వెళ్లింది కూడా. కానీ అంతకు ముందే ప్రత్యర్థులు విరామం కోరారు కనుక అది లెక్కలోకి రాలేదు. రెండవసారి తన్నిన బంతి ప్రత్యర్థి ఆటగాడి వేలికి కాస్త తగిలి, ఎడమ స్తంభానికి కొట్టుకుని, అడ్డకమ్మీ మీద పడి, వెనక్కు వచ్చేసింది.

రెండు నెలలు గడిచేసరికి పార్కీ ఉద్యోగం పోయింది. అక్కడి నుంచి మొదలైనదే నేను ఈ రోజు చెప్పదలచుకున్న కథ.

ఆ లీగ్ పద్ధతి తెలియని పాఠకులకు ఒక మాట. జూలై నెలాఖరున శిక్షణ శిబిరం మొదలయ్యేటప్పుడు ఒక్కొక్క జట్టులో 90 మంది ఉంటారు. ఆగస్టు ముగిసేసరికి వారిలో 53 మందే మిగలాలి. పరిగెత్తేవారు, అడ్డుకునేవారు పలువురు ఉంటారు కాబట్టి ఒకరు కాకపోయినా మరొకరికి చోటు దొరుకుతుంది. కిక్కర్‌కు మాత్రం సాధారణంగా ఒకే ఒక స్థానం. రెండవవాడికి పక్క కుర్చీ కూడా లేదు, ఇంటికి వెళ్లటమే.

బేర్స్ యాజమాన్యం ఆ మే నెలలో కొత్తవారి శిబిరానికి ఎనిమిది మంది కిక్కర్లను రప్పించింది. వడపోతలో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు ఎడీ పిన్యేరో, చిన్ననాట సాకర్ ఆడి ఇటు వచ్చినవాడు. అంతకు ముందు సంవత్సరం మరొక జట్టులో చేరి, గజ్జల్లో గాయం వల్ల ఒక్క అధికారిక మ్యాచి కూడా ఆడకుండానే సీజనంతా పోగొట్టుకున్నవాడు. రెండవవాడు ఎలియట్ ఫ్రై. పుట్టిన రెండు నెలల్లోపే మూతపడిన ఒక చిన్న లీగ్‌లో తన్నిన 14 ఫీల్డ్ గోళ్లలో 14టినీ సాధించినవాడు. శిక్షకుడు మ్యాట్ నాగీ ఒక వింత ఏర్పాటు చేశాడు. సాధన మధ్యలో ఉన్నట్టుండి మైదానమంతా నిశ్శబ్దం కావాలి, అందరూ చూస్తూ నిలబడాలి, కిక్కర్ ముందుకు వచ్చి బంతిని తన్నాలి. దూరం ఎంతో ఊహించగలరు కదా, 43 గజాలే.

ఈ ఏర్పాటును చాలామంది క్రూరమన్నారు. నేను పూర్తిగా అలా అనను. ఒత్తిడిలో చేయవలసిన పనిని ఒత్తిడిలోనే సాధన చేయాలన్నది వైద్యవిద్యలో మేమూ నమ్మిన మాటే. బాగా అలవాటైన పని చేతులు, కాళ్లు తమంతట తాము చేసుకుపోతాయి. దానిని మనసు పనిగట్టుకుని పర్యవేక్షించటం మొదలుపెట్టగానే తడబాటు వస్తుంది. పాఠకులు ఒక్క నిమిషం తమ సంతకాన్ని ప్రతి వంపునూ గమనిస్తూ పెట్టి చూడండి, బ్యాంకువారు తిప్పి పంపుతారు. పరీక్షాధికారి భుజం మీదుగా చూస్తుండగా నేను మొదటిసారి వేసిన కుట్లు ఎలా వచ్చాయో ఇక్కడ రాయను. బంతిని వెనక్కు అందించటం, పట్టి నిలపటం, తన్నటం అన్నీ కలిపి సుమారు 1.3 సెకన్లలో అయిపోవాలి. ఆ వ్యవధిలో ఆలోచనకు చోటు లేదు, ఉండకూడదు కూడా.

నా అభ్యంతరం మనసు గురించి కాదు, కాలి గురించి.

దూరపు కిక్ ఒకటి శరీరం మీద పెట్టే భారం చూడండి. తన్నని కాలు నేలలో నాటుకుని ఒంటి బరువంతా మోస్తుంది. తన్నే కాలు తుంటి దగ్గర వెనక్కు చాచుకుని, వింటినారిలా సాగి, ఒక్కసారిగా ముందుకు దూసుకువస్తుంది. తొడ ముందున్న పొడవాటి కండరం తుంటి కీలునూ మోకాలినీ రెండింటినీ దాటుకుని పోతుంది కనుక రెండు చోట్లా సాగుతుంది, రెండు చోట్లా లాగుతుంది. కాలు ఒంటికి అడ్డంగా ఊగేటప్పుడు గజ్జల్లోని కండరాల మీద, వాటిని కటి ఎముకకు అతికించే టెండన్‌ల మీద విపరీతమైన లాగుడు పడుతుంది. చివరన ఆ వేగాన్ని ఆపవలసిన పని తొడ వెనుక కండరాలది. ఇది ఒకసారి జరిగితే ఏమీ కాదు. వేడెక్కిన ఒంటితో రోజుకు కొన్నిసార్లు జరిగినా ఫరవాలేదు. విశ్రాంతి లేకుండా వారాల తరబడి జరిగితే సన్నని చీలికలు మానే లోపలే కొత్తవి పుడతాయి. అందుకే అనుభవజ్ఞులైన కిక్కర్లు రోజుకు ఎన్నిసార్లు తన్నాలో లెక్క పెట్టుకుంటారు, రోజు విడిచి రోజు తన్నుతారు.

లెక్క పెట్టుకోగలిగేది స్థానం ఖాయమైన కిక్కర్ మాత్రమే. పక్కన మరొకడు తన్నుతూ ఉండగా, ఇవాళ ఎవరు ఎన్ని వేశారో సాయంత్రానికి పత్రికలు అంకెలతో సహా రాస్తుండగా, గజ్జలో సన్నగా పోటు మొదలైన మనిషి ఏం చేస్తాడు? “రేపు నాకు విశ్రాంతి కావాలి” అని వైద్యుడితో అంటాడా? అనడని నా నలభై ఏళ్ల అనుభవం చెబుతోంది. ఆ ఇద్దరిలో ఎవరో అలా దాచారని నేను అనటం లేదు, ఆ సంగతి నాకు తెలియదు. ఏర్పాటే దాచమని చెబుతోందని అంటున్నాను.

ఇది మన దగ్గర లేనిదేమీ కాదు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష వారంలో ఉందనగా ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చాడు. మోకాలి కింద ముందు ఎముక మీద వేలు పెడితే విలవిలలాడాడు. “డాక్టరు గారూ, ఒక సూది వేయండి, ఈ ఒక్క రోజు గడిస్తే చాలు” అన్నాడు. ఎక్స్‌రేలో ఎముక మీద గీత కనబడింది, పరిగెత్తీ పరిగెత్తీ వచ్చిన పగులు. మూడు వారాలుగా నొప్పి ఉందట. ఎవరికీ చెప్పలేదు, చెబితే ఇంట్లో పరుగు మాన్పిస్తారని. నేను సూది వేయలేదు. అతడు మరొకచోట వేయించుకున్నాడని తరువాత తెలిసింది. పరీక్షలో ఏమైందో తెలియదు. ఆ కుర్రవాడి మీద నాకు అప్పుడూ కోపం రాలేదు. ఒక ఉద్యోగం, దాని వెనుక ఒక ఇల్లు ఉన్నప్పుడు ఎముక మాట ఎవరు వింటారు?

నొప్పి తగ్గించే మందు గాయాన్ని మాన్పదు, కబురు తెచ్చే మనిషిని గుమ్మంలోనే ఆపేస్తుంది. అమెరికన్ లీగ్‌లో మ్యాచికి ముందే కెటోరోలాక్ సూది వేయించుకోవటం చాలాకాలం వాడుకలో ఉండేది. 2012లో ఆ జట్ల వైద్యుల సంఘం వేసిన బృందమే దానికి పరిమితులు సూచించవలసి వచ్చింది. మూత్రపిండాలకు, జీర్ణాశయానికి ఆ మందు చేసే హాని సంగతి ఈ పుటల్లో ఇంతకు ముందు రాశాను కనుక మళ్లీ ఎత్తుకోను.

పోటీ వద్దని నేను అనటం లేదు. ఇద్దరిలో మెరుగైనవాడిని ఎంచుకునే హక్కు జట్టుకు ఉంది. ఎవరు ఏ రోజు ఎన్నిసార్లు తన్నాలో మాత్రం శిబిరానికి ముందే కాగితం మీద రాయాలి. అది ఇద్దరికీ సమానంగా ఉండాలి, ఉత్సాహం కొద్దీ ఎవరూ దాటకూడదు. నొప్పి ఉందని చెప్పి ఆగిన రోజును తీర్పులో లెక్క కట్టకూడదు. ఇక ముఖ్యమైనది, ఆ నొప్పిని పరీక్షించే వైద్యుడు శిక్షకుడికి జవాబుదారీ కాకూడదు. తలకు దెబ్బ తగిలిన సందర్భంలో ఆ లీగే 2013 నుంచి జట్టుతో సంబంధం లేని నాడీవైద్య నిపుణుడిని మైదానంలో నిలబెడుతోంది. మెదడుకు దక్కిన ఈ మర్యాద కండరానికి ఎందుకు దక్కదు? ఆటగాడికి రెండవ వైద్యుని అభిప్రాయం కోరే హక్కు ఒప్పందంలో ఉన్నమాట నిజమే. కానీ ఆ హక్కు వాడుకోవాలంటే ముందు నొప్పి ఉందని నోరు విప్పాలి కదా.

నివారణకు తెలిసిన మార్గాలూ లేకపోలేదు. నార్వేలో సాకర్ ఆటగాళ్ల మీద జరిగి 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఒక పక్కకు పడుకుని పైకాలిని తోటివాడు పట్టుకుంటే కింది కాలిని ఎత్తే ఒకే ఒక్క వ్యాయామం గజ్జల బాధల ముప్పును 41 శాతం తగ్గించింది. పరికరాలేవీ అక్కరలేదు, ఒక స్నేహితుడు చాలు. పోటీదారు చేత పట్టించుకుంటే ఇంకా మంచిదని నా చమత్కారం.

ఆగస్టు నడిమికి ఫ్రైని పంపివేశారు. స్థానం పిన్యేరోకు దక్కింది. సెప్టెంబరు 15న డెన్వర్‌లో చివరి క్షణాన 53 గజాల నుంచి తన్ని జట్టును 16 - 14తో గెలిపించాడు. డెన్వర్ గాలి పలుచన, బంతి కొంచెం దూరం పోతుంది, అయినా 53 గజాలు 53 గజాలే. సహచరులు భుజాలకెత్తుకున్నంత పని చేశారు. ఆరు వారాల తరువాత, పార్కీ తప్పిన సొంత మైదానంలోనే, చివరి క్షణాన 41 గజాల నుంచి అతడి బంతి పక్కకు పోయింది. జట్టు 16 - 17తో ఓడింది. కాలు అదే, మనిషి అతడే.

2020 సెప్టెంబరులో సీజను మొదలయ్యే ముందు పిన్యేరో పేరు గాయపడినవారి జాబితాలో చేరింది. మళ్లీ గజ్జలే. ఆ ఏడాది అతడు ఒక్క మ్యాచి కూడా ఆడలేదు. అదే నెల 27న అట్లాంటా జట్టు కిక్కర్ గాయపడితే ఆ ఒక్క రోజుకు ఫ్రైని పిలిచారు. లీగ్‌లో అతడి మొదటి అధికారిక మ్యాచి అదే. ఎదుటి జట్టు షికాగో. వారి తరఫున తన్నటానికి వచ్చినవాడు కైరో శాంటోస్ అనే మూడవ మనిషి.