తోకకప్పలు చెప్పిన సాక్ష్యం



మందుల పరీక్షల పేరిట మూగజీవాలను హింసించవద్దన్న గత సంచిక వ్యాసంతో నాకు పెద్ద పేచీ లేదు. జంతువులు లేకుండా చేసే పరీక్షలకూ వీలిస్తూ కేంద్రం 2023లో నిబంధనలు సవరించింది కూడా. అయితే అన్ని పరీక్షలనూ ఒకే గాటన కట్టేయడమే మింగుడుపడలేదు.

ల్యాబులో ఎలుకకు ఎంత మోతాదు ఇచ్చారో రాసి ఉంటుంది. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల చుట్టుపక్కల బావులకు ఆ లెక్క ఎవరు రాశారు? ఆ ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు! తర్వాత ఊళ్లలోని బావినీళ్లలోనూ మందుల జాడ దొరికింది. ఆ వ్యర్థజలం ఎంత చెడ్డదో తేల్చింది మాత్రం జంతువుల మీద పరీక్షలే. 500 వంతులకు పలచన చేసినా తోకకప్పల ఎదుగుదల కుంటుపడింది. ఈ పరీక్ష కూడా వద్దంటారా?

ఫ్యాక్టరీలు వదిలే నీటిలో యాంటీబయాటిక్‌లకు కేంద్రం 2020 ముసాయిదాలో పెట్టిన పరిమితులు 2021 తుది నిబంధనల్లో కనిపించలేదు. వ్యాసకర్త దాని గురించి ఒక్క పేరా రాసి ఉంటే బాగుండేది.

— ఒక పాఠకుడు, సంగారెడ్డి